సాలు అని రాయాలా, చాలు అని రాయాలా: జేజినాయన సేద్యం మాటల ప్రాజెక్టు డైరీ

జూన్ 12

ఎమ్మే లింగ్విస్టిక్స్ రెండో ఏడాది మొదలయ్యేలోపు ఏదో ఒకటి చేత్తో చేసి చూడాలని చిన్న ప్రాజెక్టు పెట్టుకున్నా. అనంతపురం జిల్లాలో మా ఊర్లో జేజినాయన (మా తాత) వాడే సేద్యం మాటలు రికార్డు చేసి, ఒక్కో మాటకి ఆడియో, అర్థం, ఉచ్చారణ జతచేసి ఎవరైనా దించుకుని వాడుకునేట్టు నెట్‌లో పెట్టడం, అంతే పని. ఓ నూటయాభై మాటలు చాలు. రూపాయి ఖర్చు ఉండకూడదు, అన్నీ ఫ్రీ టూల్సే. ఆడియోకి రాత జతచేసే ఈలాన్, శబ్దాన్ని బొమ్మగా చూపించి కొలిచే ప్రాట్, క్లాసులో ఈ పేర్లు వంద సార్లు విన్నా గానీ సొంత రికార్డింగు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా నడిపింది లేదు, పరీక్షకి మాత్రం చక్కగా రాసి వచ్చా.

సేద్యమే ఎందుకంటే, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీదే. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి ఏరిన మాటలు అవి, మనం ఇప్పుడు కళింగ, కోస్తా, రాయలసీమ, తెలంగాణ అని చెప్పుకునే నాలుగు మాండలికాల విభజనకి ఆ పనే ఆధారం. నాగలి ఎక్కడంటారు, మడక ఎక్కడంటారు అన్నది చూసుకోవచ్చు. కానీ అందులో మాటలుండాయి, గొంతులు లేవు. నాకు గొంతు కావాలి, అది కూడా మా జేజినాయనది. ఆయనకి ఎనభై దాటినాయి.

జూన్ 15

మొదటి తప్పు మొదటిరోజే. నేను హైదరాబాదులో ఉండా కదా అని మా బాబాయి కొడుకుని పట్టుకుని 'ఒరే, జేజినాయనతో నాగలి గురించి మాట్లాడించి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపురా' అన్నా, వాడు పాపం ఇరవై నిమిషాలు పంపాడు, మాటలు బాగానే వినిపిస్తున్నాయి గానీ ప్రాట్‌లో తెరిస్తే పైన ఉండాల్సిన శబ్దమంతా కత్తిరించినట్టు ఖాళీ. వాయిస్ మెసేజ్ అంటే సైజు తగ్గించడానికి నొక్కేసిన ఫైలు. మనిషి చెవికి అది చాలు, స, ష, చ లాంటి బుసకొట్టే ధ్వనుల మీద పని చేసేవాడికి చాలదు, ఎందుకంటే వాటి తేడా అంతా ఆ పై భాగంలోనే ఉంటుంది.

కాబట్టి రూలు నంబర్ ఒకటి: వేవ్ ఫైలు, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో. నిమిషానికి దాదాపు 5 ఎంబీ అవుతుంది. ఇంకా, ఒరిజినల్ మీద నాయిస్ తగ్గించే ఫిల్టర్లు ఏవీ పెట్టకూడదు. ఫ్యాన్ శబ్దం తీసేద్దామని పోతే దాంతోపాటు స కూడా సగం పోతుంది. ఫ్యాన్ ఆపడమే మందు.

ఊరికి బస్సు టికెట్ తీసుకున్నా. రూపాయి ఖర్చు లేని ప్రాజెక్టు అన్నా కదా.

జూన్ 19

ఫోనుకి కాలర్ మైకు తగిలించి, ఫ్యాన్ ఆపి, మిద్దె మీద నుంచి విత్తనాలు వేసే పాత గొర్రు దించి ముందర పెట్టుకుని కూర్చున్నాం. ముందు అనుమతి. కాగితం మీద వేలిముద్రలు అవీ కాకుండా, ఏం చేస్తాండానో, ఇది ఎక్కడికి పోతుందో, వద్దంటే ఎప్పుడైనా తీసేస్తానని చెప్పి, ఆయన ఒప్పుకున్నట్టు ఆయన గొంతులోనే రికార్డు చేసుకున్నా.

'ఎవురైనా వాడుకోవచ్చునా?'

'ఎవరైనా వాడుకోవచ్చు జేజినాయనా, పేరు చెప్తే చాలు.'

'డబ్బులేమీ అడగవా?'

'అడగను.'

'అయితే ఊరుమ్మడి గొర్రు చేయిస్తాండావన్నమాట' అని నవ్వినాడు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గురించి మా క్లాసులో ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

గంటా పది నిమిషాలు వచ్చింది. కాడి, మేడి, కర్రు, నొగ, గుంటక, గొర్రు, దాని పైన గింజలు పోసే జడ్డిగం, కపిల, కళ్లం, గంప. నడుమ గట్టు తగాదా ఒకటి మొదలుపెట్టి పక్క చేను వాళ్ల తాత ముత్తాతలదాకా పోయినాడు, అది ఎనిమిది నిమిషాలు. బయట పెట్టే కాపీలో నుంచి ఆ ముక్క తీసేయాలి, ముందే టైము రాసిపెట్టుకున్నా. రికార్డు చేసేటప్పుడే ఇట్లాంటివి పక్కన పుస్తకంలో రాసుకోండి, తర్వాత గంట ఆడియోలో వెతకడం నరకం.

జూన్ 24

ఈలాన్ పెట్టుకున్నా. నెదర్లాండ్స్‌లో నైమేఖన్ మాక్స్ ప్లాంక్ సైకోలింగ్విస్టిక్స్ సంస్థ వాళ్లది, ఫ్రీ. ఆడియో కింద వరసలు వరసలుగా రాసుకోవచ్చు, ఒక్కో వరసని టియర్ అంటారు. నేను పెట్టుకున్నవి నాలుగు: విన్నది విన్నట్టు, పుస్తకం స్పెల్లింగు, ధ్వని లిపి, అర్థం.

మొదటిసారి నాలుగూ విడివిడి టియర్లుగా పెట్టా. రెండ్రోజుల పని అయ్యాక ఒకచోట హద్దు కొంచెం జరిపితే మిగతా మూడు వరసలు అక్కడే నిలబడిపోయినాయి, మాట ఒకచోట అర్థం ఒకచోట. తప్పు నాదే. మొదటి వరసని తల్లి టియర్ చేసి మిగతావి దానికి పిల్ల టియర్లుగా, సింబాలిక్ అసోసియేషన్ అనే రకంతో కట్టాలి, అప్పుడు తల్లి జరిగితే పిల్లలు కూడా జరుగుతాయి. మాన్యువల్లో ఉంది ఈ సంగతి, మనం మాన్యువల్ చదువుతామా. అన్నీ తీసేసి మళ్లీ కట్టా. ఇంకో చిట్కా, సెగ్మెంటేషన్ మోడ్‌లో ముందు హద్దులన్నీ గీసేసి ఆ తర్వాత ట్రాన్స్‌క్రిప్షన్ మోడ్‌లో వరసగా టైపు చేసుకుంటూ పోతే పని సగానికి సగం తగ్గుతుంది.

మధ్యలో ఆశ పుట్టి ఒక ఆటోమేటిక్ ట్రాన్స్‌క్రిప్షన్ టూల్‌కి ఐదు నిమిషాలు వినిపించి చూశా. మామూలు వాక్యాలు పర్వాలేదు, ఆశ్చర్యపోయా కూడా. కానీ జేజినాయన మాటల్లో నాకు కావాల్సినవే దానికి తెలీదు, జడ్డిగం దగ్గరికి వచ్చేసరికి ఏదో జిడ్డు, గజ్జిగం అని రాసింది. పైగా 'ఇత్తనం' అని ఆయన అన్నచోటల్లా 'విత్తనం' అని దిద్దింది. నేను పట్టుకోవాలనుకుంటున్నదే అది దిద్దుతోంది. పక్కన పెట్టేశా.

జూలై 2

ఇక్కడ ఆగిపోయా. సాలు దగ్గర.

నాగలి పోయాక భూమ్మీద పడే గీత. జేజినాయన సాలు అంటాడు, సాళ్లు అంటాడు. పుస్తకంలో చాలు. సరే నిఘంటువుల్లో చూద్దామని ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరిచి సాలు అని కొట్టా. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర, బ్రౌన్ అన్నీ ఒకే చోట వెతికిపెట్టే సైటు, తెలుగు మీద పనిచేసేవాడికి రోజూ తెరిచే గుమ్మం లాంటిది. సాలు అంటే సంవత్సరం వచ్చింది. నిజమే, పాత రెవెన్యూ కాగితాల్లో సాలు అంటే అదే, సాలీనా అంటాం కదా. నాగటి గీత కావాలంటే చాలు అని కొట్టాలి. అంటే రేపు ఎవరైనా నా పట్టికలో సేద్యం మాట వెతుకుతూ చాలు అని కొడితే నా సాలు వాళ్లకి దొరకదు, నేను చాలు అని రాస్తే మా జేజినాయన అన్న మాట నా పట్టికలో ఉండదు.

ఇది చాలదన్నట్టు బ్రౌన్. షికాగో యూనివర్సిటీ వాళ్ల డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో బ్రౌన్ నిఘంటువు 1903 ఎడిషన్ వెతుక్కునేట్టు పెట్టారు, పక్కనే 1991 నాటి గ్విన్ నిఘంటువు కూడా ఉంది. బ్రౌన్ మనకి చ, జ లని రెండు రకాలుగా విడగొట్టి, పళ్ల దగ్గర పలికేవాటికి అక్షరం మీద తెలుగు రెండంకె లాంటి గుర్తు పెట్టాడు. చెప్పు, చిన్న లో ఉండేది ఒక చ, చలి, చూడు, చాలు లో ఉండేది ఇంకో చ. ఇ, ఎ ల ముందు మొదటిది, అ, ఉ, ఒ ల ముందు రెండోది, అచ్చతెలుగు మాటల్లో స్థూలంగా ఇదీ లెక్క. మనం ఒకే అక్షరం రాసి రెండు రకాలుగా చదువుతాం, చదువుతున్నట్టు మనకే తెలీదు. ఆ రెండో అక్షరాలు ౘ, ౙ యూనికోడ్‌లోకి 2008లో 5.1 వెర్షన్‌తో వచ్చినాయి. మా బాబాయి కొడుకు ఫోన్‌లో మాత్రం ఇప్పటికీ ఖాళీ డబ్బాలే కనిపిస్తున్నాయంట.

కాబట్టి నా ముందు ఇప్పుడు మూడు: సాలు, చాలు, ౘాలు.

జూలై 5

డీఈడీఆర్ కూడా ఆ షికాగో సైట్లోనే ఉంది. బరో, ఎమెనో ఇద్దరూ చేసిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు, రెండో ఎడిషన్ 1984. ఐదున్నర వేలకు పైగా ఎంట్రీలు, తమిళ అక్షరక్రమంలో పోతాయి, అందుకే తెలుగువాళ్లు మొదటిసారి తెరిస్తే దారి తప్పుతారు, తెలుగు సూచిక నుంచి పోవడం తేలిక. చాలు కోసం పోతే తమిళంలో చాల్, కన్నడంలో సాలు.

కన్నడంలో సాలు! వరస, గీత. మాది కర్ణాటక సరిహద్దు. మా ఊరి సాలు అక్కడి నుంచి వచ్చిందా, లేక మన ౘ నే అరిగి స అయిందా? ఒక పూటంతా దీని మీదే తిరిగా, చివరికి సమాధానం చలి దగ్గర దొరికింది. కన్నడంలో చళి అని చ తోనే అంటారు. మా జేజినాయన మాత్రం సలి అంటాడు. చూడు ని సూడు అంటాడు, కన్నడవాళ్లు దానికి నోడు అంటారు, అసలు సంబంధమే లేదు. అంటే అరువు కాదు, ౘ ఎక్కడున్నా ఆయన నోట్లో స అవుతోంది. చెప్పు, చిన్న మాత్రం చ గానే ఉండాయి. బ్రౌన్ గీసిన గీత ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఈయన కూడా గీత గీస్తున్నాడు, ధ్వని వేరే అంతే.

వెతుకుతూ వెతుకుతూ మేడి కూడా చూశా. తమిళంలో మేళి. అక్కడి ఆ ప్రత్యేకమైన ళ మనకి డ అవుతుందని క్లాసులో కోళి, కోడి, ఏళు, ఏడు అని బట్టీ పట్టినాం. ఆ వరసలో మా ఇంటి అటక మీద ఉండే మేడి కూడా ఉందని ఇప్పుడే తెలిసింది. పని ఆపి జేజినాయనకి ఫోన్ చేసి చెప్పా. 'అవునా, తమిళోళ్లు కూడా దున్నుతారు కదరా మరి' అన్నాడు.

జూలై 13

ప్రాట్. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ రాసిన ప్రోగ్రామ్, ధ్వనిశాస్త్రం చేసేవాళ్లందరి చేతిలోనూ ఇదే ఉంటుంది. చూడ్డానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, దానికేం.

ఈలాన్ నుంచి టెక్స్ట్‌గ్రిడ్‌గా (ప్రాట్ చదివే రాత ఫైలు) ఎగుమతి చేసి ఇందులో తెరవచ్చు. స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దం బొమ్మ, మామూలుగా 5000 హెర్ట్జ్ వరకే చూపిస్తుంది, బుస ధ్వనులు చూడాలంటే దాన్ని 10000కి పెంచుకోవాలి. అప్పుడు స ఎక్కడుందో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది, పైన నల్లగా పొగ కమ్మినట్టు. ౘ అయితే ఆ పొగకి ముందు చిన్న నిశ్శబ్దం, ఒక టపుక్కుమనే గీత, ఆ తర్వాత పొగ. చెప్పు లోని చ కి పొగ ఇంకా కిందనుంచే మొదలవుతుంది.

అంతా బాగుంది, ఒక్కటి తప్ప. మాట మొదట్లో ఉండే నిశ్శబ్దాన్ని ఎట్ల చూడాలి? దానికి ముందు ఉండేది కూడా నిశ్శబ్దమే కదా. విడిగా సాలు అంటే ముందు నాలుకతో గాలి ఆపినాడో ఊరికే ఉన్నాడో తెలీదు. ముందు ఇంకో మాట ఉండాలి, 'ఆ సాలు', 'రెండు సాళ్లు' అట్ల. అదృష్టం, నా దగ్గర ఉండేది మాటల పట్టిక కాదు, గంట కబుర్లు. అందులో ఈ మాట తొమ్మిది సార్లు వచ్చింది. తొమ్మిదిట్లో ఒక్క దాంట్లో కూడా గాలి ఆపిన జాడ లేదు. శుద్ధమైన స.

సాయంత్రం ఈ కొలతలన్నీ ఒక పైథాన్ స్క్రిప్టుతో లాగుదామని చూస్తే ఫైళ్లు చదవను పొమ్మంది. రెండు గంటలు స్క్రిప్టునే తిట్టుకున్నా. సంగతేంటంటే, తెలుగు అక్షరాలున్న టెక్స్ట్‌గ్రిడ్‌ని ప్రాట్ యూటీఎఫ్-16లో సేవ్ చేసింది, నా స్క్రిప్టు యూటీఎఫ్-8 అనుకుంటోంది, రెండూ అక్షరాలని ఫైల్లో దాచే వేరువేరు పద్ధతులు. ప్రాట్ సెట్టింగుల్లో టెక్స్ట్ రాసే పద్ధతిని యూటీఎఫ్-8 అని మార్చుకుంటే అయిపోయె. తెలుగులో పని చేసేవాళ్లు ప్రాట్ పెట్టుకున్న మొదటి నిమిషంలోనే ఇది మార్చేయండి, నాలాగా అర్ధరాత్రి కాదు.

జూలై 20

స్ప్రెడ్‌షీట్ శుభ్రం చేసే వారం. విసుగు. 163 మాటలు అనుకున్నవి కంప్యూటరు 171 అంటోంది. కంటికి ఒకేలా ఉండేవి దానికి వేరు. ట్రాక్టర్‌గొర్రు అని ఒకసారి మధ్యలో కనపడని విడదీసే అక్షరం పెట్టి టైపు చేశా, ఇంకోసారి ఫోన్‌లో అది లేకుండా కొట్టి ఎక్కడో ఒత్తు కలిసిపోయింది. పైరు ఇంకా విచిత్రం, ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వానికి కింద ఇంకో ముక్క చేర్చి రెండు గుర్తులుగానూ రాయొచ్చు, చూడ్డానికి రెండూ ఒకటే. ఏదో పాత ఫైలు నుంచి కాపీ చేసుకున్న పైరు రెండో రకం. నార్మలైజేషన్ అని ఒక్క లైను పైథాన్‌తో ఐత్వం కుదిరింది, కనపడని అక్షరాన్ని తీసేయడానికి ఇంకో లైను. తెలుగు డేటా పట్టుకున్నవాళ్లు వెతికే కాలమ్ మీద ఈ రెండూ నడపకుండా లెక్కలు చెప్పొద్దు, నేనైతే ఇకపై ఎవరి లెక్కా నమ్మను.

ఫ్లెక్స్ కూడా పెట్టి చూశా, ఎస్ఐఎల్ అనే సంస్థ వాళ్లది, నిఘంటువు కట్టడానికి చేసిందే. మంచిదే గానీ నా నూటయాభై మాటలకి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. దున్నుతాండా అన్న ముక్కని లైప్‌జిగ్ గ్లాసింగ్ నియమాల ప్రకారం (మాటని ముక్కలు చేసి ఒక్కో ముక్క కింద అర్థం రాసే పద్ధతి) విడగొడదామని కూర్చుంటే, పై వరసలో ఎన్ని అడ్డగీతలో కింది వరసలో కూడా అన్నే ఉండాలి కదా, ఎన్ని తుంపులు చెయ్యాలో తేల్చుకునేలోపు కరెంటు పోయింది. తర్వాత చూద్దాం.

ఆగస్టు 3

విడి మాటల ఆడియోలకి లింగ్వా లిబ్రే వాడదామని మళ్లీ ఊరికి పోయా. వికీమీడియా వాళ్ల ప్రాజెక్టు, మాటల పట్టిక ఇస్తే తెర మీద ఒక్కో మాట చూపిస్తుంది, పలకగానే తనే కత్తిరించుకుని తర్వాత మాటకి పోతుంది, చివరికి అన్నీ వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కుతాయి, విక్షనరీలో వాడుకోవచ్చు. గంటలో వందల మాటలు అయిపోతాయి. జేజినాయనకి తెర కనపడదు కాబట్టి నేను బొమ్మ చూపించో వర్ణించో అడగడం, ఆయన చెప్పడం. నేను మాట అంటే ఆయన నన్ను అనుకరిస్తాడని ముందే జాగ్రత్త పడ్డా.

'నాగలి పోయినాక నేల మీద పడే గీతని ఏమంటారు జేజినాయనా?'

ఆయన గొంతు సవరించుకుని, వెన్ను నిటారుగా పెట్టి, 'చాలు' అన్నాడు.

చాలు! బడిపంతులు ముందర అప్పజెప్పినట్టు. సలి కాదు, చలి. ఇత్తనం కాదు, విత్తనం. ఒత్తులతో సహా. నేను 'అట్ల కాదు, నువ్వు రోజూ అనేట్టు' అంటే, 'నెట్టులో పెడతాండావు కదరా, రొంత శుద్ధంగా ఉండొద్దా' అన్నాడు. మా జేజి లోపలి నుంచి 'రేడియో అనుకుంటాండాడు' అంది.

నవ్వొచ్చింది గానీ రాత్రంతా అదే ఆలోచన. ఒక్కో మాట విడిగా చెప్పించే పద్ధతి ఏదైనా సరే, నాది గానీ ఇంకొకరిది గానీ, మనిషి చేత శుద్ధమైన రూపం చెప్పిస్తుంది. అది అబద్ధం కాదు, ఆయనకి తెలిసిన మాటే, ఐదో తరగతి వరకు చదివినాడు. కానీ పొలంలో ఎప్పుడూ అనని మాట. నేను జూన్‌లో ఆ గంట కబుర్లు రికార్డు చేయకుండా నేరుగా పట్టికతో పోయుంటే మా ఊర్లో ౘ చక్కగా నిలబడి ఉంది అని డిసర్టేషన్‌లో రాసేవాణ్ణి. గైడు కూడా సంతకం పెట్టేసేవారు.

సాలు ని విడిగా ఐదుసార్లు చెప్పించుకున్నా. మూడుసార్లు గాలి ఆపి వదిలిన టపుక్కు స్పష్టంగా ఉంది, రెండుసార్లు ఉత్త స. ఆరోసారి అడిగితే లేచిపోయినాడు.

ఆగస్టు 17

పట్టిక మార్చా. మూడు స్పెల్లింగుల తగాదా ఇట్ల తీర్చుకున్నా: వెతకడానికి చాలు, కబుర్లలో విన్నట్టు సాలు, ధ్వని లిపిలో ఒక కాలమ్, బ్రౌన్ రాసినట్టు ౘాలు ఇంకో కాలమ్. ఆడియో కూడా ఒక్కటి కాదు, రెండు. ఒకటి విడిగా చెప్పింది, ఒకటి మాటల మధ్యలో కత్తిరించింది, ఏది ఏదో పక్కనే రాసుంటుంది. ఒక్కో మాటకి రెండు ఆడియోలూ కావాలి, అందుకే 163 మాటల్లో ముందు 94 మాత్రమే బయటికి పోతాయి. మిగతావి కబుర్లలో ఒక్కసారి కూడా రాలేదు, విడి రూపం ఒక్కటే పెట్టడం నాకు ఇష్టం లేదు.

గిట్‌హబ్‌లో పెడదామని మొత్తం గంట ఆడియోని కూడా తోశా, 100 ఎంబీ దాటిన ఫైలు తీసుకోనంది. నిమిషానికి 5 ఎంబీ అని జూన్‌లోనే రాసుకున్నవాణ్ణి, లెక్క వేసుకోవద్దా. పట్టిక, స్క్రిప్టులు అక్కడ ఉంచి ఆడియో జెనోడోకి మార్చా. పరిశోధన ఫైళ్లు దాచే సైటు, యూరప్ ఫిజిక్స్ ల్యాబ్ సెర్న్ వాళ్లు నడిపేది, ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా ఊరికే ఇస్తారు, పైగా డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు వస్తుంది కాబట్టి ఎవరైనా పేపర్‌లో ఉటంకించొచ్చు. తప్పు దిద్ది కొత్త వెర్షన్ పెట్టినా పాతది పోదు, అన్నిటికీ కలిపి ఒక నంబరు, ఒక్కో వెర్షన్‌కి ఒక నంబరు. గట్టు తగాదా తీసేశానో లేదో ఎక్కించే ముందు మూడుసార్లు విన్నా.

ఆగస్టు 29

మొదటి వెర్షన్ ఎక్కించిన నాలుగో రోజుకే తప్పు దొరికింది. కర్నూలు వైపు జూనియర్ ఒకమ్మాయి దించుకుని చూసి, 'అన్నా, బుడ్డలు అన్న మాటకి వేరుశనగ అని ఒక్కటే రాశారు, మీ జేజినాయన ఆడియోలో శెనిక్కాయ అని కూడా అంటున్నారు కదా, అది పట్టికలో లేదు' అంది. నిజమే. ఒకే వాక్యంలో రెండూ అన్నాడాయన, నేను నాకు కొత్తగా అనిపించింది ఏరుకుని ఇంట్లో రోజూ వినేదాన్ని వదిలేశా. రోజూ వినేవి అట్ల ఎన్ని వదిలేశానో చూద్దామని మొత్తం గంట మళ్లీ విన్నా, పదకొండు దొరికినాయి. వంక, కుంట, చివరికి మన్ను కూడా రాసుకోలేదు.

రెండో వెర్షన్ నిన్న రాత్రి ఎక్కించా. ఇంకా మిగిలింది కళ్లం మాటలు. అవి అడిగితే వచ్చేట్టు లేవు, జేజినాయనే అన్నాడు, 'కళ్లంలో నిలబడితే గుర్తొస్తాయి గానీ మంచం మీద కూర్చుంటే ఏం గుర్తొస్తాయిరా' అని. బుడ్డలు పీకేది అక్టోబరు చివర్లో. మైకుకి గాలి తగలకుండా తొడిగే స్పాంజి ఒకటి కొనాలి.